అమ్మ నడుస్తోంది, కానీ కోలుకుంటున్నట్టు అనిపించట్లేదు. రీహాబ్‌లో పెద్దవాళ్లను చూసుకున్నవాళ్లు కాస్త చెప్పండి

ఆరిలోవ_కొండవాలు

అందరికీ నమస్తే. మా అమ్మకి 74. బాత్రూమ్ గుమ్మం దగ్గర జారిపడితే తుంటి విరిగింది, ఆపరేషన్‌లో సగం కీలు మార్చారు, ఇప్పుడు వైజాగ్‌లోనే ఒక ప్రైవేట్ ఆసుపత్రి రీహాబ్ వార్డులో ఉంది. ఫిజియో వాళ్లు మంచివాళ్లే, రోజూ చేయిస్తున్నారు. వాకర్ పట్టుకుని వార్డు చివరిదాకా వెళ్లి వస్తోంది. సొంత పనులు ఎంతవరకు చేసుకోగలదో లెక్కేసే బార్తెల్ స్కోరు చేరినప్పుడు 100కి 45, ఇప్పుడు 70 అని చూపించి, ప్రోగ్రెస్ చాలా బాగుంది అన్నారు.

కానీ మనిషి బాగాలేదు. పొద్దున లేస్తే వీధి మొత్తానికి వినపడేలా మాట్లాడే మనిషి, ఇప్పుడు అడిగినదానికి ఊ అంటుంది, అంతే. తిండి సగం వదిలేస్తోంది. టీవీ పెడితే తీసేయమంటుంది. ఏమైందమ్మా అంటే "ఏం లేదురా, బాగానే ఉన్నాను" అని అటు తిరిగి పడుకుంటుంది.

మా ఇల్లు ఆరిలోవలో కొండవాలు మీద, రోడ్డు నుంచి నిటారుగా మెట్లెక్కాలి. అందుకే ఇంకొన్నాళ్లు ఉంచితే మెట్లు కూడా ప్రాక్టీస్ అవుతుందని డాక్టర్ అంటున్నారు. నాకేమో ఇక్కడ ఉంచేకొద్దీ ఇంకా కుంగిపోతుందేమో అని టెన్షన్. స్కోరు పెరుగుతున్నా మనిషి తగ్గిపోతుంటే దాన్ని కోలుకోవడం అంటారా? అసలు ఆవిడ ఎలా ఉందో నేను ఎలా తెలుసుకోవాలి?

ఫిజియో_ఎంవీపీ

నేను ఫిజియోథెరపిస్టుని, ముసలివాళ్ల రీహాబ్‌లోనే పని. మీ అనుమానం సరైనదే.

బార్తెల్ 1965 నుంచి వాడుకలో ఉన్న లెక్క. తినడం, స్నానం, ముఖం కడుక్కుని తల దువ్వుకోవడం, బట్టలు కట్టుకోవడం, మలమూత్రాల మీద అదుపు, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు, మొత్తం 10 అంశాలు, 100 మార్కులు. పక్కవాళ్ల సాయం ఎంత కావాలో అది చెబుతుంది. ఆ మనిషికి తన బతుకు ఎలా అనిపిస్తోందో అందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. దానికి వేరే ప్రశ్నావళులు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల చిన్న ప్రశ్నావళిలో 26 ప్రశ్నలు: ఒంటి సంగతి, మనసు సంగతి, మనుషులతో సంబంధాలు, ఉండే చోటు, ఈ నాలుగింటి గురించీ ఉంటాయి. ఈక్యూ-5డీ అని ఇంకా చిన్నది ఉంది, నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, దిగులు అడిగి, చివర్లో ఈరోజు మీ ఆరోగ్యానికి 0 నుంచి 100 లోపు ఎంత వేసుకుంటారు అంటుంది. ఆ చివరి ప్రశ్న ఇవాళే అమ్మని అడగండి. మేం 70 వేశాం కదా, ఆవిడ 30 వేసుకుంటే ఆ మధ్యలో ఏముందో అదే మీరు తెలుసుకోవాల్సింది.

ఇంకోటి. ఇంటికెళ్లాక మొదట ఏ పని చేసుకోవాలని ఉందో అడిగి, అదే మాటల్లో మీ ఫిజియోకి చెప్పండి. వార్డు చివరిదాకా నడవడం అనేది మేం పెట్టిన గురి, ఆవిడది కాదు. నా దగ్గర ఒక పెద్దావిడ వ్యాయామం అంటేనే మొహం తిప్పేసేవారు. స్టవ్ దగ్గర నిలబడి టీ పెట్టుకోవాలి, అది చాలు అన్నారు. అప్పటి నుంచి నిలబడటం, పక్కకి అడుగులేయడం, ఒక చేత్తో గిన్నె పట్టుకోవడం, ఇవే చేయించాం. చేసిన కసరత్తు దాదాపు పాతదే, కానీ ఎందుకు చేస్తున్నారో ఆవిడకి తెలుసు.

గాజువాక_కూతురు

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి రీహాబ్‌లో ఉన్నప్పుడు అచ్చం ఇలాగే మౌనంగా అయిపోయారు. కారణం మేం అనుకున్నది కాదు. బెల్ కొడితే అటెండర్ వచ్చేసరికి ఆలస్యం అవుతోందని, మంచం తడుస్తుందని డైపర్ వేసేశారు, ఆయనకి యూరిన్ మీద అదుపు పూర్తిగా ఉంది, పట్టుకుని తీసుకెళ్లే మనిషి ఉంటే చాలు. దాంతో ఆయన నీళ్లు తాగడం మానేశారు. తాగకపోతే వెళ్లక్కర్లేదు కదా అని. ఎవరికీ చెప్పలేదు, కోడలి ముందు ఆ మాట ఎలా చెబుతారు? నీరసం, మలబద్ధకం, తిండి సయించకపోవడం అన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. సిస్టర్‌తో మాట్లాడి, పగలు టైమ్ ప్రకారం వాళ్లే వచ్చి తీసుకెళ్లేలా ఒప్పించాం, డైపర్ రాత్రికి మాత్రమే ఉంచారు. ఆ తర్వాతే మాట వచ్చింది మనిషికి.

అమ్మకి స్నానం ఎవరు చేయిస్తున్నారో చూడండి అన్నా. ఆడ అటెండరేనా, కర్టెన్ వేస్తున్నారా, ఆ టైమ్‌కి ఫిజియో వాళ్లు, డైట్ వాళ్లు లోపలికి వచ్చేస్తున్నారా. ఆవిడ తనంతట తాను చెప్పదు, మీరు మగపిల్లాడు కాబట్టి అసలే చెప్పదు. అక్కో, పిన్నో, ఎవరైనా ఒక్కరు పక్కన కూర్చుని అడిగితే బయటికొస్తుంది. కళ్లజోడు, పళ్లసెట్టు, చెవి మిషన్ ఇంట్లోనే ఉండిపోయాయేమో కూడా చూడండి. ఆపరేషన్ హడావిడిలో అందరూ ఇంట్లో వదిలేసేవి అవే.

సిస్టర్_మహారాణిపేట

పైన ఇద్దరూ చెప్పినవి మంచి మాటలే, కానీ వాటికంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఈ మౌనం ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లగా వచ్చిందా? పొద్దున మగతగా ఉండి సాయంత్రం కాస్త తేరుకోవడం, మాట మధ్యలో తెగిపోవడం, ఏ రోజో చెప్పలేకపోవడం ఉంటే అది దిగులు కాకపోవచ్చు. డెలీరియం అంటారు, మెదడు తాత్కాలికంగా గందరగోళపడటం. పెద్ద వయసువాళ్లలో ఆపరేషన్ల తర్వాత ఇది చాలా మామూలు. అరిచి, సెలైన్ పీకేసుకునేవాళ్లని అందరూ గుర్తుపడతారు. చప్పుడు చేయకుండా పడుకుని ఉండే రకాన్ని మాత్రం "పాపం నీరసం" అనుకుని వదిలేస్తారు, ప్రమాదం అందులోనే ఎక్కువ. యూరిన్ ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, నొప్పి తగ్గకపోవడం, నిద్రమాత్రలు, కొన్ని రకాల నొప్పిమందులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వారం రోజుల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమనండి. ఎప్పుడూ తడబడని మనిషి అందులో తడబడితే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి, మర్నాటిదాకా ఆగొద్దు.

అది కాదని తేలితే అప్పుడు డిప్రెషన్ సంగతి చూడాలి. పెద్దవాళ్ల కోసమే అవును, కాదు అని జవాబిచ్చే 15 ప్రశ్నల పట్టిక ఉంది, మీ డాక్టర్‌ని అడిగితే చేయిస్తారు. ముసలితనంలో దిగులు సహజమే అని ఎవరైనా అంటే వినకండి, దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు, అది మీకోసం కూడా.

నిద్ర సంగతి చూడండి. రాత్రి బీపీ చూడటానికి లేపుతాం, లైట్లు వేస్తాం, అది మా డ్యూటీ. మనిషి నిలకడగా ఉంటే ఆ మధ్యరాత్రి చెకప్ తగ్గించమని మీరు అడగొచ్చు, చాలాచోట్ల డాక్టర్లు ఒప్పుకుంటారు.

లాసన్స్‌బే_తాతయ్య

బాబూ, నేను మోకాలు మార్పిడి చేయించుకుని రీహాబ్‌లో ఉండి వచ్చినవాణ్ణి. మీరంతా బయటి నుంచి చెబుతున్నారు, మంచం మీద ఉన్నవాడి మాట కూడా ఒకటి విను.

డాక్టరు రౌండ్స్‌కి వస్తాడు, నా మంచం పక్కనే నిలబడి మా అబ్బాయిని అడుగుతాడు, "ఫాదర్ ఎలా ఉన్నారు" అని. నేను అక్కడే ఉన్నాను కదయ్యా! మా అబ్బాయి బంగారం లాంటివాడు, కానీ నా బదులు వాడే జవాబు చెప్పేవాడు. రాత్రి నొప్పితో నిద్రపట్టలేదని నాకు తెలుసు, బాగా పడుకున్నారని వాడు చెప్పేవాడు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి నోరు తెరవబుద్ధి కాదు. మీ అమ్మ ముందు ఆవిడ గురించి మాట్లాడాల్సి వస్తే ముందు ఆవిడ వైపు తిరుగు. డాక్టర్‌ని కూడా కుర్చీ లాక్కుని కూర్చోమను.

రెండోది డబ్బు. మీరు బిల్లు గురించి బయట వరండాలో మాట్లాడుకుంటారు, మాకు అన్నీ వినపడతాయి. రోజుకెంత అవుతోందో లెక్కేసుకుంటూ పడుకుంటే అన్నం ఎలా దిగుతుంది? 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 చివర్లో మొదలైంది, తీసుకోకపోతే తీసుకో. రీహాబ్ రోజులకి ఎంతవరకు పనికొస్తుందో ఆరోగ్యమిత్రని అడిగి కాగితం మీద రాయించుకో. ఖర్చు ఎంత, ఎలా కడుతున్నావో దాచకుండా ఆవిడకి చెప్పు. తెలియకపోతేనే భయం ఎక్కువ.

ఇంకో మాట, జాలిపడి వ్యాయామం మాన్పించవద్దు. ఆ నొప్పి పడకపోతే నేను ఇవాళ బీచ్ రోడ్డు మీద నడిచేవాణ్ణి కాదు.

ఆరిలోవ_కొండవాలు

అందరికీ చాలా థాంక్స్. వారాల పేర్లు వెనక్కి చెప్పమంటే గబగబా చెప్పేసి, నాకేమైనా మతి పోయిందనుకున్నావా అని కసిరింది. చాలా రోజుల తర్వాత తిట్టింది, ప్రాణం లేచొచ్చింది. అయినా బ్లడ్, యూరిన్ టెస్టులు చేయించాం, సోడియం కొద్దిగా తక్కువుంది, చూస్తున్నారు. ఆ 15 ప్రశ్నలు కూడా సోమవారం అడుగుతామన్నారు.

100కి ఎంత వేసుకుంటావమ్మా అంటే 20 అంది. మా చిన్నత్త కూర్చుని అడిగితే రెండు సంగతులు చెప్పింది. ఒకటి, తనని చూసుకోడానికి మా ఆవిడ ఉద్యోగం మానేస్తుందని ఎవరో అన్నారట, అప్పటి నుంచి లోపల నలిగిపోతోంది. అలాంటిదేం లేదని మా ఆవిడే వెళ్లి చెప్పింది, పగటిపూటకి మనిషిని కుదుర్చుకుంటున్నాం. రెండోది, ఆ మెట్లు. ఒకసారి పైకి తీసుకెళ్లాక మళ్లీ కిందికి దిగడం ఉండదు, ఇంట్లోనే పడి ఉండాలి అనుకుంటోంది. సాయంత్రం కింద రామాలయం అరుగు మీద కూర్చోవడం ఆవిడకి ప్రాణం. అదే ఫిజియోకి చెప్పాను, ఇవాళ్టి నుంచి మెట్లు మొదలుపెట్టారు. ఇంటి నుంచి చోడి (రాగి) అంబలి తెస్తే డైటీషియన్ సరే అన్నారు, గ్లాసు ఖాళీ చేసింది.

ఇంటికి తీసుకెళ్లే తేదీ ఇంకా అనుకోలేదు. మెట్లకి రెయిలింగ్ పెట్టించాలి, ఏ వైపు, ఎంత ఎత్తు?

ఫిజియో_ఎంవీపీ

వీలుంటే రెండు వైపులా పెట్టించండి, ఎక్కేటప్పుడు కుడిచేతికి దొరికింది దిగేటప్పుడు ఎడమవైపు అవుతుంది. ఎత్తు మెట్టు అంచు నుంచి సుమారు 3 అడుగులు, గుండ్రటి పైపు, చెయ్యి చుట్టూ పట్టేలా ఒకటిన్నర అంగుళం ఉంటే చాలు. చివరి మెట్టు దాటాక కూడా ఒక అడుగు ముందుకి ఉండాలి, జారేది అక్కడే. మామూలు ఇనుము వద్దు, మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టించండి. మధ్యలో ఎక్కడైనా చదును ఉంటే కూర్చోడానికి ఒక సిమెంటు దిమ్మ కట్టించండి, కాస్త ఎత్తుగా. మరీ కిందికి ఉంటే తుంటి ఎక్కువ వంగుతుంది, సర్జన్ సరే అనేదాకా నేల మీద, పీట మీద కూర్చోవద్దు. అరుగు ఎంత ఎత్తుందో కూడా కొలిచి మీ ఫిజియోకి చెప్పండి, వార్డులో అదే ఎత్తు బల్ల మీద కూర్చుని లేవడం చేయిస్తారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. డిశ్చార్జికి ముందు మీరు, ఆ పగటి మనిషి ఇద్దరూ వార్డులో నిలబడి ఇది నేర్చుకోండి.