పాత ఓమ్నీలో కొండ మీద రెండు రాత్రులు: హార్స్లీ హిల్సా, యేర్కాడా?

కేఆర్‌పురం_ఓమ్నీ:
అందరికీ నమస్తే. మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. నాన్నగారి 2007 మోడల్ మారుతీ ఓమ్నీ ఇప్పుడు నా దగ్గరుంది. 15 ఏళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్ కూడా చేయించాం. వెనక సీట్లు తీసేసి ప్లైవుడ్ మంచం వేయించాం, దాని కింద స్టవ్, నీళ్ల క్యాను, దుప్పట్లు పడతాయి, కిటికీలకు దోమల వల ఉంది. డిసెంబర్‌లో మా ఆయన, ఆరేళ్ల పాప, నేను కొండ మీదికెళ్లి బండిలోనే పడుకోవాలని ప్లాన్. నేను హార్స్లీ హిల్స్ అంటున్నా, ఆయనేమో యేర్కాడ్ అంటున్నారు. డ్రైవింగ్ మొత్తం నాదే. ఎక్కడం గురించి భయం లేదు, నిదానంగా ఎక్కించేస్తా, దిగేటప్పుడు బ్రేకులు ఏమవుతాయో అన్నదే టెన్షన్. ఈ బండికి ఏది మంచిది? రాత్రి ఎక్కడ ఆపుకోవచ్చు?

మదనపల్లె_మారతహళ్లి:
అక్కా, మా ఊరి పక్క కొండ కాబట్టి పక్షపాతం అనుకోకండి, ఈ బండికి హార్స్లీ హిల్సే కరెక్ట్. యేర్కాడ్ కొండ కింద ఉన్న సేలం ఎక్కడో 300 మీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది, యేర్కాడ్ దాదాపు 1,500 మీటర్లు, అంటే 20 హెయిర్‌పిన్ మలుపుల్లో 1,200 మీటర్లు ఎక్కాలి, మళ్లీ అంతా దిగాలి. మా మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులోనే ఉంది, కొండ పైన 1,265. అంటే మీ బ్రేకుల మీద పడే పని సగానికి సగం తగ్గినట్టే. హోస్కోట, హెచ్ క్రాస్, చింతామణి మీదుగా వచ్చేయండి, తెల్లవారుజామునే బయల్దేరితే కొండ ఎక్కే టైముకి ఎండ ముదరదు. మదనపల్లె మార్కెట్ దగ్గర టమాటా లారీలుంటాయి, అక్కడ మాత్రం ఓపిక పట్టాలి. కూరగాయలు, పాలు, పెట్రోల్ అన్నీ కిందే చూసుకోండి. పైన గాలిబండ అనే పెద్ద బండరాయి మీద పొద్దున్నే నిలబడితే గాలికి మాట కూడా వినపడదు, పాపను మాత్రం చెయ్యి వదలకండి, అంచు దగ్గర జారుడు. ఆ కొండకు మావాళ్ల పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ, ఆ కథ పాపకు చెప్పండి, ఏనుగులు పెంచిన పిల్ల అనగానే బాగా వింటుంది.

గ్యారేజ్_పిచ్చి:
రూటు సంగతి తర్వాత. వెనక సీట్లు తీసేశామన్నారు, మరి పాప ఎక్కడ కూర్చుంటుంది? మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్దాం అనుకుంటే దయచేసి వద్దు. మీరు సడన్‌గా బ్రేకు కొడితే పాప ముందు సీట్ల మీదికి వచ్చి పడుతుంది. ముఖం ముందుకుండే ఒక సీటు బెల్టుతో సహా మళ్లీ బిగించి, మంచాన్ని మడతపెట్టేలా చేయించండి. ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా చెబుతోంది, చెకింగ్‌లో సీట్లు లెక్కపెడితే ఇబ్బంది మీకే.

ఇక బ్రేకులు. మీ భయం సరైనదే. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను లాక్కుంటూ ఉంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరగదు, తేమ పట్టిన పాతది 140కే మరగొచ్చు. ఘాట్‌లో పెడల్ నొక్కిపెట్టి దిగితే ఆ వేడి తేలిగ్గా వస్తుంది, ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. ఎక్కేటప్పుడు మొరాయిస్తే పక్కకు తీసి నిలబడొచ్చు, దిగేటప్పుడు ఆ అవకాశం ఉండదు కదా. అందుకే వెళ్లే ముందు ఆయిల్ మొత్తం మార్పించి బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయించండి, నాలుగు చక్రాలూ విప్పించి బ్రేక్ లైనింగ్ ఎంత మిగిలిందో మీ కళ్లతో చూడండి, మెకానిక్ 'బాగానే ఉంది మేడమ్' అంటే ఒప్పుకోకండి. దిగేటప్పుడు రెండో గేరు, నిటారుగా ఉంటే ఒకటి. మలుపుకు ముందే గట్టిగా ఒకసారి నొక్కి వదిలేయాలి, పెడల్ మీద కాలు ఆనించి ఉంచకూడదు. న్యూట్రల్ మాట అసలు మర్చిపోండి. కాలిన వాసన వస్తే వెడల్పు చోట పక్కకు తీసి అరగంట ఆగండి, వేడెక్కిన బ్రేక్ డ్రమ్ముల మీద నీళ్లు పోయకండి. ఎదురుగా ఎక్కే బండి వస్తే దారి దానిదే.

ఓమ్నీ ఇంజిన్ ముందు సీట్ల కిందే కాబట్టి ఎక్కేటప్పుడు సీటు వేడెక్కడం మామూలే, మీరు చూడాల్సింది టెంపరేచర్ ముల్లు. పైకి పోతుంటే ఆపేయండి, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు.

గుడారం_అక్క:
రాత్రి ఆపుకోవడం గురించి. అడవిలో ఖాళీ జాగా కనపడిందని బండి పెట్టేయకండి. చుట్టూ రిజర్వ్ ఫారెస్ట్, అనుమతి లేకుండా రాత్రి ఉండనివ్వరు. ముందే టూరిజం రిసార్ట్‌కి ఫోన్ చేసి వాళ్ల పార్కింగ్‌లో పడుకోనిస్తారా, బాత్‌రూమ్ వాడుకోవచ్చా అని అడగండి. కుదరదంటే ఒక గది తీసుకుని బండిని దాని ముందే పెట్టుకోండి. పాపతో వెళ్తున్నారు కదా, అర్ధరాత్రి బాత్‌రూమ్ దగ్గర్లో ఉండటం చాలా ముఖ్యం.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్తున్నా. చలిగా ఉందని లోపల స్టవ్ వెలిగించొద్దు, బొగ్గు కుంపటి పెట్టొద్దు, ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలిసే లోపే అయిపోతుంది. వంటంతా బయటే. రెండు పక్కలా కిటికీలు రెండేసి వేళ్లంత తెరిచే ఉంచండి, లేకపోతే ముగ్గురి ఊపిరికి అద్దాలు చెమర్చి పొద్దునకల్లా దుప్పట్లు తడిసిపోతాయి. ప్లైవుడ్ కింది నుంచే చలి ఎక్కువ కొడుతుంది, పైన ఇంకో రగ్గు కప్పుకునే బదులు పరుపు కింద మందపాటి ఫోమ్ షీట్ వేయండి.

కేఆర్‌పురం_ఓమ్నీ:
అందరికీ చాలా థాంక్స్. పాప సీటు గురించి చెప్పినాయనకి మరీ మరీ. రేపే మంచం విప్పించి వెనక సీటు బిగించమని చెప్తా, మడత మంచం కుదిరాకే ప్రయాణం, డిసెంబర్ దాటినా సరే. ఎత్తుల లెక్క మా ఆయనకి చూపించా, యేర్కాడ్‌కి బస్సులో వెళ్దాంలే అన్నారు. ఒక్క డౌట్, బ్రేక్ ఆయిల్ డాట్ 3 తీసి డాట్ 4 పోయించొచ్చా?

గ్యారేజ్_పిచ్చి:
పోయించొచ్చు, రెండూ కలుస్తాయి, డాట్ 4 మరిగే వేడి ఇంకా ఎక్కువ. డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం వద్దు, అది సిలికాన్‌ది. సీలు తీయని డబ్బా మీరే కొనుక్కెళ్లండి.