మిజరీ, సఫరింగ్: వాటి జోడు మాటలు

‘ఇంగ్లీషులో మిజరీ (దుర్భరమైన దుఃఖం), సఫరింగ్ (బాధ) అనే మాటల ముందు ఏ విశేషణమైనా పెట్టేయొచ్చా?’ అని ఒకరు అడిగారు. పెట్టేయలేం. మనకు దుఃఖం పుట్టెడే ఉంటుంది, బస్తాడు ఉండదు. ఇంగ్లీషుకీ అలాంటి పట్టింపులే ఉన్నాయి. ‘అబ్జెక్ట్ మిజరీ’, ‘అబ్జెక్ట్ పావర్టీ’ అంటారు (ఇది వస్తువు అనే ‘object’ కాదు, అతి దీనమైన అనే ‘abject’). ‘అబ్జెక్ట్ పెయిన్’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. తట్టుకోలేని నొప్పికి ‘ఎక్స్‌క్రూసియేటింగ్ పెయిన్’ అనాలి. ఆ మాటలో శిలువ దాగుంది, మూలం లాటిన్ ‘క్రుక్స్’. ‘అన్‌టోల్డ్ (చెప్పలేనంత) సఫరింగ్’ యుద్ధాలకూ కరువులకూ సరిపోతుంది. తలనొప్పికి వాడితే నవ్వుతారు.

క్రియల దగ్గర మనం ఎక్కువ తడబడతాం. ‘బాధపెట్టాడు’ అనే అలవాటు కొద్దీ ‘గివ్ సఫరింగ్’ అని రాసేస్తాం. అక్కడ ‘కాజ్’ వాడాలి. కావాలని హింసిస్తే ‘ఇన్‌ఫ్లిక్ట్’. తగ్గించడానికి ‘అలీవియేట్’, అంత పెద్ద మాట వద్దనుకుంటే ‘ఈజ్’.

ఇక ‘ఫ్రమ్’ సంగతి. ‘హి సఫర్డ్ ఫ్రమ్ ఎ హార్ట్ ఎటాక్’ అని చాలామంది రాస్తారు. గుండెపోటు, ఓటమి, గాయం, నష్టం లాంటివి ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. వాటికి ‘ఫ్రమ్’ అక్కర్లేదు, ‘సఫర్డ్ ఎ హార్ట్ ఎటాక్’ చాలు. ఆస్తమా, మైగ్రేన్, డిప్రెషన్ లాంటివి పట్టుకుని పీడిస్తాయి కాబట్టి ‘సఫర్స్ ఫ్రమ్’. మరి సెలవు చీటీల్లో రాసే ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’? తప్పు కాదు గానీ, ఒంట్లో కాస్త వెచ్చగా ఉన్నందుకు అంత బరువైన మాట దేనికి? ‘ఐ హావ్ ఎ ఫీవర్’ అంటే సరిపోతుంది.

నాకు అన్నిటికంటే సరదాగా అనిపించేది ‘పుట్ మి అవుట్ ఆఫ్ మై మిజరీ’. బాగుపడే ఆశలేని జంతువును ఇంకా బాధపడనివ్వకుండా చంపేయడం దీని అసలు అర్థం. ఇప్పుడు మాత్రం పరీక్ష ఫలితం తెలిసినవాడు నోరు విప్పకుండా ఊరిస్తుంటే ఈ మాట వాడతారు. మనమైతే ‘చంపక చెప్పరా బాబూ’ అంటాం. వాళ్లు చంపెయ్యమంటారు, మనం చంపొద్దంటాం, ఇద్దరికీ తీరాల్సింది ఒకటే టెన్షన్!

‘మేక్ సమ్‌వన్స్ లైఫ్ ఎ మిజరీ’ బ్రిటన్‌లో ఎక్కువ వినిపిస్తుంది. మన ‘నరకం చూపించడం’ దానికి చక్కగా సరిపోతుంది.

ఇంకొకటి. ఎక్కడైనా ‘లాంగ్ సఫరింగ్ వైఫ్’ అని కనిపిస్తే ఆవిడ దీర్ఘరోగి అనుకునేరు. మొగుడి వేషాలన్నీ ఓపిగ్గా భరిస్తున్న ఇల్లాలని అర్థం.