పందుల షెడ్డు దుర్వాసనకు పొడి చల్లితే సరిపోతుందా?

ప్రశ్న (చీపురుపల్లి వైపు రైతు):
నలభై పందులున్న మా షెడ్డులో పేడ, మూత్రం, కడిగిన నీరు అన్నీ ఒకే కాలువ గుండా వెనుకనున్న గోతిలోకి చేరుతున్నాయి. నైరుతి గాలి మొదలైన నాటి నుంచి, ఈశాన్యాన ఉన్న ఊరివారు వాసనకు అన్నం తినలేకపోతున్నామని అంటున్నారు. వారి మాటలో అన్యాయమేమీ లేదు. సూక్ష్మజీవుల పొడి గోతిలో చల్లమని దుకాణదారు చెబుతున్నాడు. అది కొనడం మేలా, లేక ముందు మార్చవలసినది వేరే ఉందా?

జవాబు (పశువైద్యుడు, గరివిడి):
పొడి సంగతి తరువాత చూడవచ్చు. మూత్రంలోని యూరియాను పేడలోని సూక్ష్మజీవుల ఎంజైము విడగొట్టినప్పుడే అమ్మోనియా పుడుతుంది కాబట్టి, ఆ రెండూ కలిసి ఎంతసేపు నిలిస్తే ఘాటు అంత పెరుగుతుంది. గచ్చుకు మీటరుకు రెండు మూడు సెంటీమీటర్ల వాలు ఇచ్చి, మూత్రం వెంటనే వేరే కాలువలోకి జారిపోయేటట్లు చేయండి. పేడను నీళ్లు పోయక ముందే పారతో ఎత్తివేయాలి. మనవైపు చాలామంది పొద్దున్నే గొట్టం పట్టుకుని అంతా కలిపి కడిగేస్తారు, చిక్కంతా అక్కడే ఉంది. షెడ్డులో అమ్మోనియా 25 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు) దాటకూడదు. పరికరం లేకపోతే పంది ముట్టె ఎత్తుకు వంగి గాలి పీల్చి చూడండి, కళ్లు మండితే అవి రాత్రింబవళ్లు పీల్చేది ఆ గాలినే. మేతలో మాంసకృత్తులు అవసరానికి మించినా, ఆ మిగులు నత్రజని మూత్రంలోనే బయటికి వస్తుంది.

జవాబు (ఉద్దానం రైతు):
ఎత్తిన పేడలో నత్రజని ఎక్కువ కాబట్టి, కర్బనం దానికి 25 నుంచి 30 రెట్లు ఉండేటట్లు ఎండు పదార్థం కలిపితేనే ఎరువు కుప్ప సరిగా మాగుతుంది. మేము కొబ్బరి పొట్టు వాడుతున్నాము. మీకు మిల్లు ఊక సులువుగా దొరుకుతుంది గాని, అది ఒక పట్టాన కుళ్లదు. నరికిన వరిగడ్డి కూడా కలపండి. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీరు కారకూడదు. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలకు చేరి, తిరగవేసినప్పుడల్లా మళ్లీ ఆ వేడికి వస్తుంటే పురుగుల గుడ్లు చస్తాయి, వాసన మట్టివాసనగా మారుతుంది. వానకు పైన తాటాకుల కప్పు తప్పనిసరి.

జవాబు (బొబ్బిలి నుంచి):
పాత గోతిని ఖాళీ చేసేటప్పుడు జాగ్రత్త. అడుగున పేరుకున్న మురుగును కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది గాలి కంటే బరువైనది; మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. గాలి బాగా వీచే పగటిపూట, బయట నిలబడి పంపుతోనే తోడించండి. లోపల ఎవరైనా పడిపోయినా వెంట దూకవద్దు.

ప్రశ్నించిన రైతు:
వేరుచేసిన మూత్రాన్ని, కడుగునీటిని ఏమి చేయాలి?

జవాబు (పశువైద్యుడు, గరివిడి):
బాగా నీరు కలిపి సూపర్ నేపియర్ అనే మేత గడ్డికి పారించండి. పచ్చిగా తినే కూరగాయలకు వద్దు, బావి దగ్గరకు అసలే వద్దు.