అప్‌డేట్: పిల్లి బొచ్చు రాలడం, ఆరు వారాల తర్వాత

చెన్నై ఫ్లాట్‌లో ఉండే మా పొట్టి బొచ్చు నాటు పిల్లి సోఫా నిండా వెంట్రుకలు రాలుస్తోంది, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను, దానికి కొనసాగింపు ఇది. రాలడం ఆగలేదు, ఆగదు కూడా. ఇంట్లోనే ఉండే పిల్లికి లైట్లు, ఏసీ వల్ల సీజనంటూ లేకుండా ఏడాదంతా రాలుతుంది. కాకపోతే ఇప్పుడు ఎక్కువ భాగం బ్రష్‌లోకే వస్తోంది.

రబ్బరు బ్రష్‌తో రోజు విడిచి రోజు 5 నిమిషాలు చాలు. ముందు తడి చేత్తో ఒకసారి నిమిరితే వెంట్రుకలు గాల్లోకి లేవవు. మెడ నుంచి తోక వైపే దువ్వాలి. పొట్ట జోలికి వెళ్తే గీరుతుంది. లోపలి బొచ్చు లాగే ఇనుప పళ్ల దువ్వెన మాత్రం వారానికి ఒక్కసారే. ఒకేచోట పదేపదే లాగితే పై బొచ్చు తెగి చర్మం ఎర్రబడుతుంది.

డ్రై ఫుడ్ కొంత తగ్గించి వెట్ ఫుడ్ పెట్టడం మంచిదే, కానీ 7 నుంచి 10 రోజుల్లో మెల్లగా మార్చాలి. లేకపోతే విరేచనాలే!

దుప్పట్లు ఉతికే ముందు ఎండలో దులపండి. తడిస్తే బొచ్చు ముద్దకట్టి మెషీన్ ఫిల్టర్‌కి పడుతుంది. సోఫాకి తడి రబ్బరు గ్లౌజుతో ఒకే దిశలో తుడవడం చాలు.

బొచ్చులో నల్ల నలుసులు కనిపిస్తే తడి టిష్యూ మీద వేయండి. ఎర్రగా మారితే అది ఫ్లీల (రక్తం తాగే చిన్న గెంతే పురుగుల) మలం. చెన్నై వేడికి అవి ఏడాదంతా ఉంటాయి. వీటికి కుక్కల మందు మాత్రం వాడకండి, అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి ప్రాణాంతకం. బొచ్చు ఊడి మచ్చలు పడితే పశువైద్యుడి దగ్గరికే.