అప్‌డేట్: టెక్సన్స్ వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ ఇచ్చేయడం తప్పేనా?

2023 డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం; ఆ వంతే 'పిక్', కిందటి సీజన్‌లో బాగా ఓడిన జట్టుకు ముందు వస్తుంది) రాత్రి, ప్లేట్లో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఈ ప్రశ్న అడిగింది నేనే. రెండో పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) స్ట్రౌడ్‌ను తీసుకున్న హ్యూస్టన్ టెక్సన్స్, వెంటనే డిఫెన్స్ ఆటగాడు ఆండర్సన్ కోసం మూడో పిక్ కొనుక్కుని, అరిజోనా జట్టుకి 12, 33 పిక్‌లతో పాటు 2024 మొదటి రౌండ్ పిక్ కూడా ఇచ్చేసింది. అంతకుముందు సీజన్‌లో గెలిచింది 3 మ్యాచ్‌లే. ఆ పిక్ టాప్ 5లో పడుతుందని నా టెన్షన్.

"క్వార్టర్‌బ్యాక్ కుదిరితే ఆ పిక్ విలువ దానంతటదే తగ్గుతుంది" అన్నవాళ్లకు థ్యాంక్స్. అచ్చం అలాగే అయింది. 10-7తో డివిజన్ గెలిచాం, ప్లేఆఫ్స్‌లో బ్రౌన్స్ జట్టును 45-14తో ఉతికేశాం. పిక్ కాస్తా 27కి జారింది. స్ట్రౌడ్, ఆండర్సన్ ఇద్దరికీ రూకీ (తొలి ఏడాది ఆటగాడి) అవార్డులొచ్చాయి.