తెనాలి, గుంటూరు వైపు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం) మీటింగ్ ఎలా వెతకాలి? మా అన్నయ్య కోసం

తెనాలి చెల్లెలు:
నమస్తే అండీ. మా అన్నయ్యకు తెనాలిలో బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. పనిలో మంచి పేరు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు, ఆ 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక వారం తిరగకుండానే మళ్లీ మొదలు. "వాడు అనుకుంటే మానగలడు, మనల్ని ఏడిపించడానికే తాగుతున్నాడు" అంటారు నాన్న. నాకు అలా అనిపించడం లేదు. ఈ మధ్య పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి. స్పానర్ పట్టుకోవాలన్నా ముందు ఒక క్వార్టర్ పడాల్సిందే. మొన్న తనే "ఎవరైనా దారి చూపిస్తే బాగుండు" అన్నాడు. ఏఏ మీటింగులు మా వైపు ఉంటాయా? తెలుగులో జరుగుతాయా? ఊళ్లో తెలిసిపోతుందని తనకి బాగా టెన్షన్.

బెజవాడ మెంబర్:
చెల్లెమ్మా, నేనూ మాలలో మాని, మాల తీశాక మళ్లీ తాగినవాడినే. ఇప్పుడు కొన్నేళ్లుగా తాగడం లేదు. మాలలో ఎలా ఆగగలిగానంటే, అప్పుడు నేను ఒంటరిగా లేను. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, సాయంత్రం ఎవరో ఒకరింట్లో పడిపూజ, భజన. గురుస్వామికి జవాబు చెప్పుకోవాలి. నల్లబట్టల్లో ఉన్నవాడిని ఏ స్నేహితుడూ "ఒక్కటి వెయ్యరా" అనడు. మాల తీసిన రోజు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. మీటింగ్‌లో నాకు దొరికింది ఆ తోడే, ఏడాది పొడుగునా. మీ అన్నయ్యది మొండితనం కాదని నాన్నగారికి చెప్పండి.

ఇక వెతకడం. ఏఏ ఇండియా ఆఫీసు ముంబయిలో ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరిని బట్టి మీటింగులు చూడొచ్చు. గుంటూరు, విజయవాడ రెండూ చూడండి. వెళ్లే ముందు ఫోన్ చేయడం మాత్రం మరిచిపోవద్దు. గదులు, టైమింగులు మారుతుంటాయి. తెలుగు మీటింగేనా, ఓపెన్ మీటింగ్ ఎప్పుడు అని అడగండి. ఓపెన్ అయితే మీరూ పక్కన కూర్చోవచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకే.

ఫీజు లేదు. ఖర్చులకు మెంబర్లు తోచింది వేస్తారు, అంతే. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. తెనాలి వాళ్లు కనిపిస్తారని భయమైతే విజయవాడ రమ్మనండి, రైల్లో ఎంతసేపు? మొదటిరోజు వెనక కుర్చీలో కూర్చుని, తన వంతు వచ్చినప్పుడు "ఈరోజు వింటాను" అంటే చాలు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు అడ్డుపడరు, తీర్పు చెప్పరు. అయిపోయాక టీ తాగుతూ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటాం. వైన్ షాపు వైపు కాళ్లు లాగే టైమ్‌లో ఆ నంబరు పనికొస్తుంది. 1935లో అమెరికాలో ఇది మొదలైంది కూడా తాగుడుతో నలిగిన ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు కూర్చుని మాట్లాడుకోవడంతోనే.

తెనాలి చెల్లెలు:
చదివి ఏడుపొచ్చింది అన్నయ్యా. ఇంకో మాట. పోయినసారి మాల వేసుకున్న మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. దేవుడి పరీక్ష అనుకున్నాం. ఈసారి ఎవరో, కూరలో కలిపి పెడితే మాన్పించే బిళ్ల ఉందంటున్నారు.

వార్డు నర్సు, గుంటూరు:
అమ్మా, ఆ బిళ్ల కలపొద్దు, దయచేసి. సాధారణంగా అది డైసల్ఫిరమ్ అయి ఉంటుంది. మనిషికి తెలియకుండా ఇస్తే, దాని మీద తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి డాక్టరు ఇవ్వాల్సిన మందు అది.

పురుగులు కనిపించడం దేవుడి పరీక్ష కాదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా లేనివి కనిపించడం, ఒళ్లు కాలిపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం కొందరిలో ఉండొచ్చు. దీన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటాం. సమయానికి చూపించకపోతే మనిషి పోవచ్చు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టి ఆపించకండి. ముందు గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) మానసిక వైద్యం ఓపీకి తీసుకెళ్లండి. పోయినసారి జరిగింది తప్పకుండా చెప్పండి. వణుకు తగ్గించే మందులు, బి1 విటమిన్ ఇస్తారు, అవసరమైతే అడ్మిట్ చేస్తారు. ఈలోగా ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే. ఫిట్స్ వస్తే మాత్రం 108.

హైదరాబాద్ అక్క:
మీ వదిన, అమ్మ గురించి ఎవరూ అడగలేదు. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, ఆన్‌లైన్‌లో కూడా. బీరువా వెనక సీసాలు వెతకడం, జేబులో డబ్బులు లెక్కపెట్టడం, ఫోన్ మోగితే గుండె దడ. ఇవి నా ఒక్కదానికే అనుకునేదాన్ని. అక్కడ అందరివీ అవే మాటలు. మీ అన్నయ్య వెళ్లినా వెళ్లకపోయినా మీరు వెళ్లండి.

తెనాలి చెల్లెలు:
సోమవారం ఓపీకి వెళ్తున్నాం. నాన్న కూడా వస్తానన్నారు. అడ్మిట్ చేస్తే మీటింగ్ డిశ్చార్జ్ దాకా ఆగాలా?

బెజవాడ మెంబర్:
ఆగక్కర్లేదమ్మా. దొరికిన నంబరుకి ఫోన్ చేసి వార్డు పేరు, చూడ్డానికి రానిచ్చే టైమ్ చెప్పి, ఎవరైనా రాగలరా అని అడగండి. ఆస్పత్రికి వెళ్లి కొత్తవాళ్లతో మాట్లాడటం మా పనిలో భాగమే. అన్నయ్యకు మాత్రం ముందే చెప్పి, సరేనంటేనే పిలవండి.