ఎండాకాలం సెలవులు, ఫ్లాట్‌లో ఇద్దరు పిల్లలు: ఇంట్లోనే ఏం ఆడించొచ్చు?

ఇద్దరు పిల్లల అమ్మ, మియాపూర్:

అందరికీ నమస్కారం. మా పాపకి 8 ఏళ్ళు, బాబుకి నాలుగున్నర. సెలవులిచ్చి వారం కాలేదు, అప్పుడే ఇల్లు పీకి పందిరి వేస్తున్నారు. మేముండేది రెండో అంతస్తులో, పొద్దున పది దాటాక కిందికి పంపాలంటే భయం, ఎండ అలా ఉంది. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, పదిన్నర నుంచి ఒంటిగంట వరకు కాల్స్ ఉంటాయి, ఆ టైంలో ఫోనో టీవీయో ఇవ్వక తప్పట్లేదు, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఇంకో యుద్ధం. పోయినేడాది వీడియోల్లో చూసి సముద్రం థీమ్, అంతరిక్షం థీమ్ అని రంగు షీట్లు, మెరుపుల జిగురు, స్టిక్కర్లు కొని 900 రూపాయల దాకా ఖర్చుపెట్టాను. నేను రెండు గంటలు కూర్చుని కత్తిరిస్తే వాళ్ళు పది నిమిషాలు ఆడి వదిలేశారు. నిజంగా ఏడుపొచ్చింది. జూన్ 12న బడి తెరిచేదాకా గడవాలి. ఇంట్లో ఉన్నవాటితో, ఇద్దరి వయసుకీ సరిపోయేలా, నేను పక్కన కూర్చోకపోయినా కాసేపు సాగేలా ఏమైనా ఉంటే చెప్పండి.

సైన్స్ టీచర్, అనంతపురం:

అమ్మా, కత్తిరించే పని మీరే చేసేస్తే పిల్లలకి మిగిలింది చూడడమే, అందుకే పది నిమిషాల్లో అయిపోయింది. చాలా ఏళ్ళుగా బళ్ళో పిల్లలతో ఉన్నాను కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తాను. రోజుకో కొత్త థీమ్ పెట్టకండి. వారమంతా ఒకటే పట్టుకోండి, అందులో ఈ రోజు చేసిన వస్తువుతో రేపు పని పడాలి. రేపటికి కావాలని తెలిస్తే పిల్లలు దాన్ని చించుకోరు, దాచుకుంటారు, పొద్దున లేవగానే దాని గురించే అడుగుతారు.

మా పిల్లలతో బాగా సాగింది నీడల వారం. ఖర్చు దాదాపు లేదు.

మొదటి రోజు నీడ గడియారం. పూలకుండీలో ఒక పుల్ల నిటారుగా గుచ్చండి, వంకర లేకుండా ఉందో లేదో తెలియాలంటే దారానికి చిన్న రాయి కట్టి పక్కన వేలాడదీసి చూడండి, పాప ఆ పని చేయగలదు. కుండీ కింద పాత కార్డ్‌బోర్డ్ పరిచి, ఎనిమిదికి ఒకసారి, తొమ్మిదికి ఒకసారి, ఇలా గంటగంటకీ నీడ కొస దగ్గర గీత పెట్టి టైం రాయమనండి. మధ్యాహ్నం దాకా నీడ పొట్టిదవుతూ వస్తుంది, తర్వాత రెండో వైపు పొడుగవుతుంది. మర్నాడు గడియారం చూడకుండా నీడని చూసి టైం చెప్పమనండి. మా పెద్దాడు వారం రోజులు ఎవరింటికెళ్ళినా ఇదే పని. గంటకోసారి ఒక నిమిషం బాల్కనీలోకి వెళ్ళి రావడమే కాబట్టి మీ కాల్స్‌కీ అడ్డం రారు, మధ్యలో "ఇంకా ఎంతసేపు" అని వాళ్ళే గడియారం చూసుకుంటూ ఉంటారు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇంకొకటి ఉంది, దీన్ని మాత్రం వదులుకోకండి. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి అటూఇటూగా సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువు నీడ పక్కకి పడదు, దాని అడుగునే ఉండిపోతుంది. శూన్య ఛాయ అంటారు. ఒక స్టీలు గ్లాసు బోర్లించి చూపిస్తే చాలు, చుట్టూ ఎక్కడా నీడ ఉండదు. మన దేశంలో కర్కాటక రేఖకి దక్షిణాన ఉన్న ఊళ్ళన్నిటికీ ఇది ఏడాదికి రెండుసార్లు వస్తుంది, హైదరాబాద్‌కి మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో. తిరుపతి లాంటి దక్షిణపు ఊళ్ళకి మే కంటే ముందే వచ్చేస్తుంది, ఆదిలాబాద్ వాళ్ళకి మీ తర్వాత కొన్ని రోజులకి. ఢిల్లీ పిల్లలకి మాత్రం జన్మలో వాళ్ళ ఊళ్ళో కనపడదు, అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. బాల్కనీలో స్లాబు అడ్డం వస్తుంది, మేడ మీదికి వెళ్ళాలి. చెప్పులు, టోపీ వేసి అయిదే అయిదు నిమిషాలు. సూర్యుడి వైపు తలెత్తి చూడొద్దని ముందే గట్టిగా చెప్పండి.

రెండో రోజు నుంచి బొమ్మలు. మా ధర్మవరం పక్కన నిమ్మలకుంట అనే ఊరుంది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వెలుగు అవతలికి పోయేంత పల్చగా చేసి, రంగులేసి, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. అందుకే తెర మీద నల్లటి నీడ కాకుండా రంగుల బొమ్మ కనపడుతుంది. అదే పద్ధతి ఇంట్లో కాగితంతో వస్తుంది. తెల్ల కాగితం మీద బొమ్మ గీసి క్రేయాన్లతో దట్టంగా రంగు వేయించండి. తర్వాత కాగితం తిరగేసి, దూదిని కొబ్బరినూనెలో ముంచి వెనక అంతా రాయాలి. కాగితం అద్దంలా పల్చబడుతుంది. పాత పేపర్ల మధ్య పెట్టి అద్ది, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు అంచు వెంబడి కత్తిరించండి. మోచేయి, మోకాలు దగ్గర ముక్కలు చేసి దారంతో వదులుగా ముడేస్తే చెయ్యీ కాలూ కదులుతాయి. వెనక కొబ్బరి ఈనెల చీపురుపుల్ల టేపుతో అంటించాలి.

తెరకి తెల్ల పంచె చాలు, రెండు కుర్చీలకి బిగించి కట్టండి. వెనక ఫోన్ టార్చ్. దీపం, కొవ్వొత్తి పెట్టనే పెట్టొద్దు, గుడ్డా నూనె కాగితమూ ఉన్నచోట అది చాలా ప్రమాదం. బొమ్మని తెరకి ఆనిస్తే చక్కగా కనపడుతుంది, వెనక్కి టార్చ్ వైపు జరిపితే పెద్దదైపోతుంది. ఇది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టాలి, మీరు చెప్పకండి. కనిపెట్టిన రోజు హనుమంతుడు సముద్రం దాటడానికి ఒళ్ళు పెంచే ఘట్టం పెట్టుకోమనండి. ఇక వాళ్ళని ఆపలేరు.

కథ రామాయణమే కానక్కర్లేదు. అసలు ఆటలోనే మధ్యమధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. మీ పిల్లలకి తెలిసిన కూరగాయలమ్మే తాతో, లిఫ్టు చెడిపోయిన రోజో, ఏదైనా పెట్టుకోవచ్చు. శనివారం రాత్రి పక్కింటి వాళ్ళని పిలిచి ఆట వేస్తామని మొదటి రోజే చెప్పేయండి, చీటీలు కూడా పాపే రాసి పంచుతుంది. ఆ శనివారం కోసమే వారమంతా పని చేస్తారు.

ఇద్దరు పిల్లల అమ్మ, మియాపూర్:

సార్, చదువుతుంటేనే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు సందేహాలు. బాబు కత్తెర పట్టుకోలేడు, అక్క చేసింది లాగేసి చింపుతాడు, వాడికి ఏ పని ఇవ్వాలి? ఇంకొకటి, కొబ్బరినూనె చేతులతో సోఫా ఎక్కేస్తారేమో.

సైన్స్ టీచర్, అనంతపురం:

నూనె రాసే పని సాయంత్రం, స్నానానికి ముందు పెట్టుకోండి, బాత్రూం గడప దగ్గర పాత పేపర్లు పరిచి. అయిపోగానే స్నానం.

బాబు సంగతి. చిన్నపిల్లలకి సొంతంగా ఒక పని ఉండాలి, అక్కకి సాయం అనే పని ఎప్పుడూ గొడవే. దీపం వాడిదని చెప్పండి. టార్చ్ వేసేదీ ఆర్పేదీ వాడే, ఎవరి కళ్ళలోకీ వేయకూడదన్నది ఒక్కటే షరతు. చప్పుళ్ళు కూడా వాడివే, స్టీలు డబ్బాలో గుప్పెడు కందిపప్పు పోసి మూత పెట్టిస్తే వాన, పళ్ళెం మీద గరిటె ఉరుము. వాడికి బొమ్మ కావాలంటే కత్తిరించక్కర్లేదు, రావి ఆకో బాదం ఆకో పుల్లకి అంటించి ఇవ్వండి, తెర మీద అది చేప అవుతుంది, పక్షి అవుతుంది. చేతి నీడలు కూడా నేర్పండి, రెండు బొటనవేళ్ళు కలిపి వేళ్ళు ఆడిస్తే పక్షి. మా తరగతిలో చిన్నవాళ్ళకి అదే అన్నిటికంటే ఇష్టం.

అమ్మమ్మ, కరీంనగర్:

బిడ్డా, సారు చెప్పింది మంచిగుంది. నేను చెప్పేది పగటిపూట కూర్చుని ఆడేది. మా మనవళ్ళు వచ్చినప్పుడు మేము వారం రోజులు అష్టా చెమ్మా పెట్టుకుంటం. బజారు నుంచి పటం తేవద్దు, పిల్లలతోనే చేయించాలె. చాక్‌పీసుతో నేల మీద అడ్డం అయిదు, నిలువు అయిదు, ఇరవై అయిదు గళ్ళు గీయాలె. నాలుగు పక్కల నడిమి గళ్ళలో, మధ్య గడిలో అడ్డగీతలు కొట్టాలె, అవి ఇండ్లు, అక్కడున్న కాయను ఎవ్వరూ చంపరాదు. గవ్వలు లేకుంటే నాలుగు చింతగింజలు తీసుకుని ఒకవైపు గరుకు బండ మీద తెల్లగా అయ్యేదాక రుద్దాలె. దీనికే ఒక పూట పడ్తది, పిల్లలకు ఆ రుద్దుడే ఇష్టం. వేస్తే ఎన్ని తెల్లగ పడ్తె అన్ని. నాలుగూ తెల్లగ పడ్తె చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లగ పడ్తె అష్ట, ఎనిమిది. ఈ రెండూ పడ్డోళ్ళకు ఇంకో పందెం. ఒక్కొక్కరికి నాలుగు కాయలు, ఒకరికి బొగ్గులు, ఒకరికి చిన్న గులకరాళ్ళు, ఒకరికి చీపురుపుల్ల ముక్కలు. చుట్టూ తిరిగి నడిమి ఇంట్లకు పోతే కాయ పండినట్టు. లోపలి గళ్ళలకు పోవాలంటే ముందు ఒక కాయనన్న చంపాలె అని మా దగ్గర ఉంటది, ఒక్కో ఊర్ల ఒక్కో తీరు, మీ అత్తమ్మను అడుగు.

చిన్నోడు లెక్క తప్పుతడు, తప్పనీ. అక్కనే దిద్దుతది. ఇంట్ల మూడేండ్ల లోపు పిల్లలు ఉంటే మాత్రం గింజలు అందనియ్యొద్దు, నోట్లెనో ముక్కులనో పెట్టుకుంటరు.

ఒక నాన్న, విజయవాడ:

అక్కా, నేను చెప్పేది చిన్నది. మా అమ్మాయితో పసుపు చిత్రాలు చేశాం. నీళ్ళలో పసుపు కలిపి డ్రాయింగ్ కాగితానికి పూసి ఆరబెట్టాలి. తర్వాత సబ్బునీళ్ళలో పుల్ల ముంచి దాని మీద రాస్తే అక్షరాలు ఎర్రగా వస్తాయి. పసుపు అంటిన చొక్కాకి సబ్బు పెట్టగానే ఎర్రబడుతుందే, అదే. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎరుపొచ్చేదీ ఇందుకే, కానీ సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, పిల్లల చేతికి ఇవ్వొద్దు, వంటసోడా కలిపిన నీళ్ళు సరిపోతాయి. ఎర్రబడిన చోట నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపు రంగు వచ్చేస్తుంది. మా అమ్మాయి రహస్య ఉత్తరం రాసి నానమ్మకి ఇచ్చింది, నానమ్మ సబ్బునీళ్ళు చిలకరిస్తే మొత్తం ఎర్రబడిపోయి ఏమీ కనపడలేదు. అప్పుడు తనే ఆలోచించి, ఈసారి మామూలు తెల్లకాగితం మీద వంటసోడా నీళ్ళతో రాసి ఆరబెట్టి, పైన పసుపు నీళ్ళు పూసింది. రాసిన చోట మాత్రమే ఎర్రగా వచ్చింది. ఆ సంతోషం చూడాలి. పాత బట్టలు వేసి మొదలుపెట్టండి, పసుపు మరక పోదు.

ఇంకో మాట, రోజంతా నింపాలని టెన్షన్ పడకండి. మేం పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంటే పెట్టుకున్నాం. మధ్యలో ఏం చేయాలో తోచక అటూఇటూ తిరుగుతారు, కాసేపు సణుగుతారు, ఆ తర్వాత దిండ్లతో ఇల్లు కట్టుకుంటారు. తోచడం లేదన్న ప్రతిసారీ మనం కొత్తది ఇస్తే ఆ దిండ్ల ఇల్లు ఎప్పటికీ రాదు.

ఇద్దరు పిల్లల అమ్మ, మియాపూర్:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఏం జరిగిందో రాయకపోతే మీ అందరికీ అన్యాయం చేసినట్టు.

నీడ గడియారం మొదటి రోజు పని చేయలేదు, బాబు కుండీ తిప్పేశాడు. రెండో రోజు కుండీ చుట్టూ, కార్డ్‌బోర్డ్ చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాం, అది దాటకూడదని రూలు పెట్టింది పాపే. మూడో రోజుకి నీడ చూసి "పదిన్నర అయింది, అమ్మ కాల్ మొదలవుతుంది" అని తమ్ముడిని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. నేను అడగలేదు.

మే 9న మేడ మీదికి వెళ్ళాం. స్టీలు గ్లాసు, పాప వాటర్ బాటిల్, బాబు బొమ్మ ఏనుగు పెట్టాం. గ్లాసుకీ బాటిల్‌కీ నీడ మాయమైంది, ఏనుగుకి మాత్రం పొట్ట కింద ఉంది. ఎందుకని బాబు అడిగితే పాప చాలాసేపు ఆలోచించి, పొట్టే గొడుగులా అడ్డం వస్తోందని చెప్పింది. మా పక్కింటి ఆయన 60 ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఇది చూడడం ఇదే మొదటిసారి అన్నారు.

తోలుబొమ్మలకి నూనె ఎక్కువైంది, మొదటి రెండు కాగితాలు మెత్తబడి చిరిగాయి. దూదిని పిండి రాస్తే సరిపోయింది. స్కెచ్ పెన్ కంటే క్రేయానే బాగా వచ్చింది. శనివారం ఆటకి తొమ్మిది మంది వచ్చారు. కథ మా వాచ్‌మన్ తాత కుక్కపిల్ల తప్పిపోవడం. వాన చప్పుడు బాబు ఎంత గట్టిగా చేశాడంటే పాప మాటలు ఎవరికీ వినపడలేదు, అయినా చివర్లో కుక్కపిల్ల టార్చ్ దగ్గరికి జరిగి ఇంత పెద్దదైతే అందరూ చప్పట్లు కొట్టారు. వాచ్‌మన్ తాత ఆ బొమ్మ అడిగి తీసుకెళ్ళారు.

ఫోన్ పూర్తిగా మానలేదు. మధ్యాహ్నం అరగంట ఇస్తున్నాను, ఇప్పుడు అడిగితే ఇచ్చేస్తున్నారు.

అమ్మమ్మగారూ, చింతగింజలు రుద్దడం నిన్న మొదలుపెట్టాం, మా అత్తమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఆవిడ వామనగుంటలు కూడా నేర్పుతానంటోంది, పీట లేదు కాబట్టి 14 పేపర్ కప్పులు రెండు వరసల్లో పెట్టాం. గుంటకి అయిదు గింజలని ఆవిడ అంటోంది, నాలుగని మా ఆయన అంటున్నారు. మీ దగ్గర ఎన్ని వేస్తారు?

అమ్మమ్మ, కరీంనగర్:

మా దగ్గర అయిదే బిడ్డా. కానీ చిన్నోడు ఆడుతున్నప్పుడు నాలుగు వెయ్యి, ఆట తొందరగా తిరుగుతది.